మనసు పెట్టెకు మూడో తాళంచెవి

శనివారం మధ్యాహ్నం రెండూ పదికి సీఐ నరేంద్రబాబు తన రిపోర్టు చివరి పేజీ మీద సంతకం గీసి పెన్ను మూత బిగించాడు. దాంతో కేసు కూడా బిగిసిపోయిందని ఆయన ఉద్దేశం.

“ఐదింటికి ఆ పిల్లను నెల్లూరు తీసుకుపోతా. సోమవారం బాలల న్యాయ బోర్డు ముందు నిలబెడతా. మీరేమన్నా చెప్పుకోవాలంటే ఈ లోపలే చెప్పుకోండి ఎస్సై గారూ. తర్వాత వినే ఓపిక నాకుండదు.”

ఎస్సై చెంచులక్ష్మి కూర్చోలేదు. పాలెం హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్ గదిలో ఉన్నదే ఒక్క మంచి కుర్చీ. దాంట్లో ఆయన కూర్చున్నాడు. మిగిలింది బల్ల. బల్ల మీద కూర్చుంటే ఆయన మాష్టరూ తను విద్యార్థీ అయినట్టుంటుందని నిలబడే ఉంది.

“సోమవారం టెన్త్ పబ్లిక్ మొదలు సార్. ఆ పిల్ల పరీక్ష రాయాల.”

“బిళ్ళలు పంచేటప్పుడు గుర్తు లేదా ఆ సంగతి?”

జరిగింది ఇది. మొన్న గురువారం ఉదయం పదో తరగతి పిల్ల అబిగయీలు స్పెషల్ క్లాసు అయినాక బడి నుంచి ఇంటికి పోతూ రొయ్యల చెరువు గట్టు మీద తూలి నీళ్ళలో పడింది. పడేటప్పుడు తల రాతికి కొట్టుకుంది. ఇప్పుడు నెల్లూరు ఆస్పత్రిలో ఉంది. ప్రాణానికి భయం లేదు గానీ రెండు మూడు రోజుల వరకు మత్తు కలిగించేది ఏదీ ఒంట్లో పడకూడదని, పడితే మాత్రం తన పూచీ లేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎందుకంటే పిల్ల రక్తంలో అప్పటికే నిద్రబిళ్ళ ఉంది. నిన్న శుక్రవారం నరేంద్రబాబు తన ప్రత్యేక బృందంతో దిగి పదో తరగతి సంచులన్నీ కుమ్మరించాడు. అబిగయీలు స్నేహితురాలు అనూష సంచిలో అవే బిళ్ళలు దొరికాయి. సగానికి విరిచినవి, రెండు. ఎక్కడివని అడిగితే అనూష నిన్నటి నుంచి నోరు తెరవలేదు. ఆ మౌనమే నేరం ఒప్పుకోవడం అని నరేంద్రబాబు రాసుకున్నాడు.

“అనూష ఉండేది మెట్ట ఊళ్ళో సార్. వాళ్ళ ఆటో ఎనిమిదీ యాభైకి గానీ రాదు. పొద్దున ఆరున్నర స్పెషల్ క్లాసుకు ఆ పిల్ల రాదు. అబిగయీలు పడింది ఎనిమిదింటికి. ఎట్ట ఇస్తాది?”

“ముందురోజు ఇచ్చుంటాది.”

“ముందురోజు మింగుంటే ఏడున్నర దాకా క్లాసులో ఎట్ట కూర్చుంటాది?”

“ఎనిమిదింటికి పడిందని ఎవరు చెప్పినారు మీకు? చెరువు కాడ కూలిమనిషి. ఆమె చేతికి వాచీ కూడా లేదు.” నరేంద్రబాబు నవ్వాడు. “మీరు ఈ బడిలో చదువుకున్నారంట. పిల్లలతో అక్కా అక్కా అనిపించుకుంటారంట. గోడకు ఏదో డబ్బా కూడా తగిలించినారంట. ఏంది దాని పేరు?”

“మనసు పెట్టె.”

“ఆఁ, అదే. దాంట్లో ఒక్క పిల్ల కూడా బిళ్ళల గురించి రాయలేదే మరి?”

ఆ మాట చెంచులక్ష్మికి సూటిగా తగిలింది. నిజమే. ఎనిమిది నెలల కిందట ఎంతో ఆశతో పెట్టిన పెట్టె అది. చదువు భయమో, ఇంట్లో గొడవో, ఒంటరితనమో, ఏదైనా సరే పేరు లేకుండా రాసి వేయండి, నేను తప్ప ఎవరూ చదవరు అని పిల్లల ముందు చెయ్యి చాపి ఒట్టు పెట్టింది. నెలలో మొదటి శనివారం తనే వచ్చి తెరిచేది. ఎప్పుడు చూసినా బాత్రూము గడియ ఊడిందనీ, మధ్యాహ్నం కోడిగుడ్డు చిన్నదిగా ఉందనీ చీటీలు. పిల్లలు మనసు విప్పలేదు. ఎందుకు విప్పలేదో ఆమెకు అర్థం కాలేదు.

ఆమె టోపీ తీసుకుని బయటికి నడిచింది.

రొయ్యల చెరువు బడికి అర కిలోమీటరు. మోటారు సైకిలు మీద మూడు నిమిషాలు. కామమ్మ షెడ్డు ముందు మేత బస్తాలు సర్దుతోంది. యాభై దాటిన మనిషి. గురువారం నడుము లోతు నీళ్ళలో దిగి అబిగయీలును జబ్బ పట్టి ఈడ్చింది ఆమే.

“కామమ్మక్కా, ఇంకొక్కసారి చెప్పు. ఎనిమిదింటికే పడిందని నీకెట్ట తెలుసు?”

“ఎట్ట తెలుసంటే ఏం చెప్పేదమ్మా? ఆరింటికి మేత చల్లినా. చల్లిన రెండు గంటలకు చెక్ ట్రే ఎత్తల్ల. ట్రేలో మేత మిగిలిందా, రొయ్య తినిందా చూడల్ల గదా. ట్రే నీళ్ళ పైకొచ్చింది, దభీమని శబ్దమైంది. ఇంక గడియారమెందుకు నాకు?”

“ట్రే ఎత్తినాక ఏం చేస్తావు?”

“ఫోటో తీసి ఓనరుకు పెడతా. పెట్టకపోతే నేను ట్రే ఎత్తలేదు, నిద్రపోయినా అంటాడు, పాడు మనిషి.”

చెంచులక్ష్మి చెయ్యి చాపింది. కామమ్మ బొడ్డున దోపుకున్న ఫోను తీసి ఇచ్చింది. గురువారం, ఉదయం ఎనిమిదీ రెండు నిమిషాలు. ఫోటో నిండా ట్రే, ట్రేలో నాలుగు రొయ్యలు. పై మూలన గట్టు మీద నీలం యూనిఫాం. పిల్ల ఒక పక్కకు వాలిపోయి ఉంది. ఇంకో క్షణానికి పడుతుంది. వాచీ లేని మనిషి నరేంద్రబాబు కంటే కచ్చితంగా టైము రాసి పెట్టింది.

ఏడున్నరకు స్పెషల్ క్లాసు వదిలారు. ఎనిమిదింటికి పడింది. అంటే బిళ్ళ మింగింది బడిలోనే, ఆ క్లాసులోనే.

“అక్కా, పిల్లను పైకి లాగినప్పుడు చేతిలో ఏమన్నా ఉండిందా?”

కామమ్మ చూపు షెడ్డు చూరు వైపు పోయి వచ్చింది. పోలీసు కంటికి అది చాలు. చెంచులక్ష్మి కూడా చూరు వైపు చూసింది.

“ప్రార్థన చీటీ అమ్మా. వాళ్ళు చర్చి వాళ్ళు గదా. ఏదన్నా కష్టమొస్తే కాగితం మీద రాసి, మడిచి పాస్టరు చేతికిస్తారు. వేరేవాళ్ళు విప్పకూడదంట. విప్పితే చెల్లదంట. పిల్ల చావుబతుకుల్లో ఉంటే దాని మొక్కు నా చేత్తో ఎందుకు చెడగొట్టేదని... పోలీసాయనకు ఇస్తే విప్పుతాడు గదా. అందుకే దాచినా. పిల్ల లేచి వచ్చినాక దాని చేతికే ఇద్దామని.”

తను కొలిచే దేవుడు కాకపోయినా ఇంకొకరి మొక్కును కాపాడదామనుకున్న మనిషిని ఏమని తిడతాం? చెంచులక్ష్మికి కోపం రాలేదు. కామమ్మ చూరులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి మడత కాగితాన్ని రెండు చేతులతో అందించింది.

పసుపు రంగు కాగితం. మూడు మడతలు వేసి, ఒక చివరను రెండో చివరలోకి దోపి, పూర్వం కాంపౌండర్లు మందుపొడి కట్టి ఇచ్చినట్టు కట్టిన పొట్లం. ఆ మడత ఎక్కడో చూసినట్టు అనిపించింది. ఎక్కడో గుర్తు రాలేదు. లోపల తెల్లటి పొడి అంటుకుని ఉంది. కాగితం మాత్రం ఆమెకు బాగా తెలుసు. మనసు పెట్టె పక్కన పెట్టడానికి తనే పక్కనున్న అల్లూరులో కత్తిరింపించి తెచ్చిన పసుపు చీటీలు అవి.

విప్పింది. నీళ్ళకు అలికినా అక్షరాలు నిలిచాయి.

“అక్కా, నాకు నిద్ర పట్టడం లేదు. పోయినేడు నాన్న పడవ తిరగబడిన కాడి నుంచి ఇంతే. పుస్తకం తెరిస్తే గుండె దడదడమంటుంది. ఫెయిలయితే అమ్మ ముఖం ఎట్ట చూసేది? నాకు చచ్చిపోవాలని లేదు. బతికున్నట్టు కూడా లేదు. ఎవరికీ చెప్పొద్దక్కా. ఫిబ్రవరి 12.”

వెనకవైపు వేరే సిరాతో, ఎవరి రాతో తెలియకుండా విడివిడిగా చెక్కినట్టు రాసిన అక్షరాలు. “సగం. భయం వేసినప్పుడు.”

చెంచులక్ష్మి మేత బస్తా మీద కూర్చుండిపోయింది. మార్చి మొదటి శనివారం ఆమె పెట్టె తెరిచింది. ఈ చీటీ అందులో లేదు. పిల్ల తనకు రాసుకున్న ఉత్తరం తన చేతికి రాకుండానే మధ్యలో ఎవరి చేతికో పోయి, బిళ్ళ చుట్టుకుని పిల్ల దగ్గరికే తిరిగి పోయింది. ఎవరికీ చెప్పొద్దక్కా అని రాసింది. ఆ మాట ఎవడో చదివాడు. ఎవడో కాదు, ఆ పెట్టె తెరవగలిగినవాడు.

మూడింటికి ఆమె పెట్టె ముందు నిలబడింది. వరండా చివర, నీళ్ళ కుళాయి పక్కన, పచ్చరంగు ఇనప పెట్టె. సముద్రం మూడు కిలోమీటర్లే. ఆ ఉప్పుగాలికి పాలెంలో ఏ తాళమూ నెల తిరిగేసరికి తిరగదు. కిందటి వేసవిలో స్టేషన్ తాళాన్నే సుత్తితో పగలగొట్టాల్సి వచ్చింది. అందుకే ఆమె ప్రతి నెలా కుట్టుమిషన్ నూనె చుక్క వేసి వెళ్ళేది.

పర్సులోంచి తాళంచెవి తీసింది. దాని పక్కనే, ఐడీ కార్డు వెనక, ఎన్నో ఏళ్ళుగా ప్రతి పరీక్షకూ వెంట తీసుకుపోయిన చిన్న పాత పొట్లం వేలికి తగిలింది. దాన్ని లోపలికి నెట్టి తాళం పట్టుకుంది. తాళం సుళువుగా తిరిగింది. మరీ సుళువుగా. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. కుట్టుమిషన్ నూనె కాదు. ఆముదం.

“ఏం లక్ష్మీ, ఏమన్నా దొరికిందా?”

తెలుగు మాష్టారు రంగనాయకులు సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, తెల్లటి చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. చెంచులక్ష్మికి తల్లి పోయిన ఏడాది పదో తరగతి గట్టెక్కించింది ఈయనే. ఎస్సై ఉద్యోగం వచ్చినప్పుడు మొదట కాళ్ళకు మొక్కింది ఈయనకే. ఆయనను చూడగానే ఆమెకు ఎప్పటిలాగే సగం బరువు దిగినట్టయింది.

“ఎవరో పెట్టె తెరుస్తా ఉండారు మాష్టారూ. పిల్లల చీటీలు తీసుకుంటా ఉండారు.”

“అయ్యో. నేను అప్పుడే చెప్పినా గదమ్మా, పిల్లలకు ఇంకా నమ్మకం కుదరలేదని. దీనికి తోడు ఇదొకటా?” ఆయన తల ఆడించాడు. “ఆ అనూష మాత్రం అంత మంచి పిల్ల కాదులే. సీఐ గారు చెప్పేది కొట్టిపారేయొద్దు.”

ఆయన సైకిలును స్టాండు వైపు నడిపించుకు పోయాడు. చెంచులక్ష్మి చూస్తూ ఉండిపోయింది. ఒక పిల్లను మంచిది కాదు అనడం ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు.

“మీకు తాళాల సంగతి తెలిసినట్టు లేదు.” నరేంద్రబాబు ఎప్పుడొచ్చాడో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. పెట్టెకు వేలాడుతున్న తాళాన్ని వేలితో ఊపాడు. “మా నాయనకు గూడూరులో ఇనప సామాన్ల అంగడి ఉండె. ఈ రకం తాళానికి మూడు తాళంచెవులు వస్తాయి. మీ దగ్గర ఎన్నుండాయి మేడమ్?”

“రెండు.”

“మూడోది మీ ఇంట్లో పోగొట్టుకున్నారేమో. లేకపోతే కొన్నవాళ్ళను అడగండి.”

దెప్పడానికే అన్నాడు ఆయన. కానీ చెంచులక్ష్మి తాళాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. తాళం తను కొనలేదు. పెట్టె పెట్టిన వారం తను తిరునాళ్ళ బందోబస్తులో ఉండి తీరిక లేకపోతే అల్లూరు పోయి కొనుక్కొచ్చి, రెండు తాళంచెవులు తన అరచేతిలో పెట్టింది రంగనాయకులు మాష్టారు.

పోయుంటుంది, అనుకుంది. అంగడివాడే ఒకటి తీసుకుని ఉంటాడు. ఆముదం ఎవరైనా వాడతారు. అప్పుడు చెవులు ఇంకో మాట చెప్పాయి. ఈ ఉప్పుగాలికి ఊళ్ళో ప్రతి సైకిలూ కీచుకీచుమంటూ పోతుంది. ఇందాక మాష్టారి సైకిలు, నూనె పెట్టినట్టు, చప్పుడే చేయలేదు.

ఆమె ఆ ఆలోచనను చెంపదెబ్బ కొట్టినట్టు పక్కకు తోసి, అనూష ఉన్న లైబ్రరీ గదికి వెళ్ళింది. మూడూ ఇరవై.

అనూష గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు జడలు, ఒకదాని రిబ్బను ఊడిపోయింది. తలుపు దగ్గర కాపలా ఉన్న మహిళా కానిస్టేబులును బయటికి పంపి, చెంచులక్ష్మి నేల మీద ఆ పిల్లకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నరేంద్రబాబు గుమ్మంలో నిలబడ్డాడు. పొమ్మనడానికి ఆమెకు అధికారం లేదు.

“అనూషా, బిళ్ళలు ఎవరిచ్చినారు?”

పిల్ల తలెత్తి చూసింది. ఆ చూపులో భయం లేదు. అసహ్యం ఉంది. అది చూసి చెంచులక్ష్మి కొంచెం తడబడింది.

“చెప్పకపోతే సోమవారం పరీక్ష పోతాది తల్లీ. నీకు నేనుండా గదా.”

“మీరుండారా?” అనూష గొంతు పగిలింది. “మీరుండారనే గదక్కా రాసినా! మా నాయన తాగొచ్చి పుస్తకాలు చించుతాడని ఎవరికీ చెప్పుకోలేనిది మీకు రాసినా. నిన్నంతా ఈ సారు అరస్తా ఉంటే కూడా మీ పేరు చెప్పలేదు నేను. మీ ఉద్యోగం పోతాదని చెప్పలేదు. ఇప్పుడు మీరే వచ్చి ఎవరిచ్చినారంటారా? మీరే కదా పంపినారు?”

గుమ్మంలో నరేంద్రబాబు మెల్లగా జేబులోంచి ఫోను తీశాడు.

“నేను... ఎట్ట పంపినా అనూషా?”

“మాష్టారి చేత. తెలుగు మాష్టారు. మీ అక్క నీ ఉత్తరం చదివింది, ఏడ్చింది, ఈ మందు పంపింది, సగమే వేసుకో అన్నారు. నా చీటీలోనే చుట్టి ఇచ్చినారు. అది మీకు తప్ప ఎవరికి దొరుకుతాది? అబికి కూడా అట్టే ఇచ్చినారు. మొదట్లో బాగుండె. తర్వాత అది లేకపోతే చేతులు వణకతా ఉండె. పరీక్ష పెట్టిన ప్రతిసారీ అడుక్కున్నాం.” పిల్ల మోకాళ్ళలో ముఖం దాచుకుంది. “చీటీ చించేసినా నేను. మీ గుర్తు దొరక్కూడదని.”

చెంచులక్ష్మి ఆ తల మీద చెయ్యి వేయబోయి ఆగిపోయింది. ఆ చేతికి ఇప్పుడు అర్హత ఉందో లేదో ఆమెకు తెలియలేదు. తన కోసం ఈ పిల్ల ఒక రోజంతా నోరు కుట్టుకుని దెబ్బల్లాంటి మాటలన్నీ పడింది. తనేమో ఆ మౌనాన్ని విప్పడానికి వచ్చి ఎదురుగా కూర్చుంది.

“స్టేట్‌మెంటు బాగుంది,” అన్నాడు నరేంద్రబాబు. “ఎస్సై పంపించె, మాష్టరు పంచె. మీరు ఇంక ఈ కేసులో డిటెక్టివ్ కాదు మేడమ్. ముద్దాయి. ఎస్పీ గారికి ఫోను చేసొస్తా.”

ఆమె ఆయన వైపు చూడలేదు. పర్సు తెరిచి, ఐడీ కార్డు వెనక నుంచి పాత పొట్లాన్ని బయటికి తీసింది. తెల్లకాగితం పసుపు పచ్చగా మారింది. మూడు మడతలు. ఒక చివర రెండో చివరలోకి దోపి. పద్దెనిమిదేళ్ళ కిందట, అమ్మ పోయిన ఏడాది, పరీక్ష హాలు గేటు దగ్గర మాష్టారు రోజూ ఒకటి చేతిలో పెట్టేవాడు. సరస్వతి ఆకు బిళ్ళమ్మా, మింగు, భయం పోతుంది. చివరి రోజుది మింగకుండా దాచుకుంది. ఆశీర్వాదం అనుకుంది. ఎస్సై పరీక్ష నాడు కూడా దాన్ని కళ్ళకద్దుకుంది.

స్టాఫ్ రూములో రంగనాయకులు మాష్టారు ఒక్కడే ఉన్నాడు. పేపర్లు దిద్దుతున్నాడు. మూడూ నలభై. ఆమె పాత పొట్లాన్నీ కొత్త పొట్లాన్నీ ఆయన ముందు పక్కపక్కన పెట్టింది.

ఆయన ముఖం ముందు వెలిగింది. “ఇంకా దాచుకున్నావా ఇది!”

ఆ సంతోషం చూసి ఆమెకు ఏడుపొచ్చింది. కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

“ఇది ఏం బిళ్ళ మాష్టారూ?”

“సరస్వతి ఆకు అని...”

“ఇప్పుడు నేను టెన్త్ పిల్లను కాదు. చెప్పండి.”

ఆయన ఎర్ర పెన్ను పక్కన పెట్టాడు. “నేను వేసుకునేదే. నెల్లూరు డాక్టరు రాసిచ్చింది. ముప్పై ఏళ్ళుగా వేసుకుంటా ఉండా. అది లేకపోతే నాకు తెల్లారదు. నీ ముందు బ్యాచిలో ఒక పిల్లోడుండె లక్ష్మీ. వారం నుంచి నిద్ర పట్టలేదు సారూ అని నా దగ్గరకొచ్చి చెప్పినాడు. చదువుకోరా, అదే పడతాది అన్నా. హాల్ టికెట్ తీసుకొని పోయినోడు ఇంటికి పోలేదు. మూడో రోజు శవమై దొరికినాడు. అప్పుడనుకున్నా, నా పిల్లలు ఒక్కరు కూడా నిద్ర లేకుండా పరీక్షకు పోకూడదని. నీకు మొదలు పెట్టినా. నువ్వు పాసయినావు. ఎస్సైవయినావు.”

“పెట్టె ఎందుకు తెరిచినారు?”

“నువ్వు నెలకొకసారి వస్తానంటివి. నిద్ర లేని పిల్ల నెల రోజులు ఆగుతాదా? రాత చూస్తే ఎవరిదో నాకు తెలుసు. ఐదేళ్ళు దిద్దిన రాతలు. నీకు ఆ సంగతి తట్టలేదు.”

తట్టలేదు. పేరు రాయొద్దని చెబితే చాలనుకుంది. రాతే పేరని పోలీసు బుద్ధికి తోచలేదు. నెలకొకసారి అన్న మాట కూడా ఆయన తప్పుగా చెప్పలేదు. ఆ నిజం వల్ల ఆమె కోపం ఇంకా పెరిగింది.

“నా పేరెందుకు చెప్పినారు?”

“నా పేరు చెప్తే తీసుకోరమ్మా. నేను బెత్తం పట్టుకునే మాష్టర్ని. నిన్నయితే నమ్ముతారు.”

“అనూషను పట్టుకుపోతా ఉంటే మంచి పిల్ల కాదని నాతోనే చెప్తిరే మాష్టారూ! ఇందాక! పెట్టె ముందర నిలబడి!”

ఆయన మొదటిసారి తల దించుకున్నాడు. “రెండు నెలల్లో రిటైరు అవుతా లక్ష్మీ.”

ఇన్నేళ్ళ గౌరవం ఆ ఒక్క మాటకు చెల్లిపోయింది. ఆమె ఇక మాష్టారూ అనలేకపోయింది.

“గురువారం మీ స్పెషల్ క్లాసులో అబిగయీలుకు ఇచ్చినాక ఇంకెవరికన్నా ఇచ్చినారా?”

“ఆపితే చేతులు వణకతాయి గదా. సోమవారం పరీక్షాయె.” ఆయన ఎర్ర పెన్నును అటూ ఇటూ జరిపాడు. “ఈ రోజు అన్నానికి వదిలినప్పుడు ఇరవై ఒక్కమందికి ఇచ్చినా. ఈసారి సగం కాదు. ఒక్కొక్కటి. అందరికీ నీ పేరే చెప్పినా.”

అప్పుడే లాంగ్ బెల్ కొట్టారు. శనివారం పావుగంట ముందే వదులుతారు.

చెంచులక్ష్మి వరండాలోకి పరిగెత్తింది. పిల్లలు సంచులు తగిలించుకుని గేటు వైపు కదులుతున్నారు. గేటు దాటితే ఒకరు కాలవ గట్టు, ఒకరు చెరువు గట్టు, ఒకరు ఆటో. సంచులు వెతికితే దొరికేవైతే నిన్ననే దొరికేవి. జామెట్రీ బాక్సు అడుగున, జడ రిబ్బనులో, అట్టల మధ్య దాచడంలో పిల్లలు పోలీసుల కంటే ముందున్నారు. బిళ్ళలు తెమ్మని గద్దిస్తే అనూషలాగే నోరు మూసుకుంటారు. అవి నావి కావు అని చెబితే నమ్మించడానికి అరగంట కావాలి. ఆమెకు రెండు నిమిషాలు కూడా లేవు.

వరండా అవతల నరేంద్రబాబు ఎస్పీతో మాట్లాడడం ముగించి ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. అది ఆమె చూసింది. చూసి కూడా ప్రార్థన మైకు అందుకుంది.

“టెన్త్ పిల్లలు ఆగండి. నేను మీ చెంచులక్ష్మి అక్కను. మాష్టారి చేత నేను పంపిన పొట్లాలు ఈ రోజు మారిపోయినాయి. తప్పు మందు వచ్చింది. ఎవరిమీదా కోపం లేదు, ఎవరి పేరూ రాయను. మింగకుండా తెచ్చి నా చేతిలో పెట్టండి.”

నేను పంపిన. ఆ రెండు మాటలతో పదకొండేళ్ళ ఉద్యోగం ఆయన ఫోనులోకి పోయింది. నరేంద్రబాబు కూడా ఒక్క క్షణం నోరు తెరిచి నిలబడిపోయాడు.

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక పిల్ల జడ రిబ్బను విప్పుతూ వచ్చింది. దాని వెనక ఇంకొకరు. ఒక అబ్బాయి టై ముడిలోంచి తీశాడు. అందరూ ఆమె ముఖంలోకి నమ్మకంగా చూస్తూ అరచేతిలో పొట్లం పెట్టి పోతున్నారు. ఆమె లెక్కపెడుతూ జేబులో వేసుకుంది. పసుపు పొట్లాలు. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై.

ఇంకెవరూ రాలేదు.

“ఇంకొకటి ఉండాల. ఎవరి దగ్గరుంది?”

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో పిల్ల మెల్లగా చెప్పింది. “చిట్టి దగ్గరుందక్కా. చిట్టి మధ్యాహ్నం బస్సుకు నెల్లూరు పోయింది. ఆస్పత్రికి. అబికి నిద్ర పట్టట్లేదు, తల నొప్పని ఏడస్తా ఉండాదంట. తన బిళ్ళ దానికిస్తానని పట్టుకొని పోయింది. మీరు పంపింది గదా, మంచిదే గదా అని.”

మత్తు కలిగించేది ఏదీ పడకూడదు. డాక్టరు మాటలు ఆమె చెవిలో గిర్రున తిరిగాయి. ఫోను తీసి అబిగయీలు తల్లి ఎలిశబెతు నంబరు నొక్కింది. నాలుగు రింగులు. అయిదు.

“మేడమ్! వందనాలు మేడమ్!” ఎలిశబెతు గొంతు ఎన్నాళ్ళకో సంతోషంగా ఉంది. “చిట్టి వచ్చింది. మీరు మందు పంపినారని చెప్పింది. బిడ్డ మీద మీకు ఎంత...”

“అది వేయొద్దమ్మా! ఆ మందు వేయొద్దు!”

“ఏంది మేడమ్? మీరే కదా పంపినారు?”

“నేను పంపలేదు!” చెంచులక్ష్మి అరుపు ఇంకా ఆపని మైకులోంచి బడంతా వినిపించింది. మూడు నిమిషాల కింద అదే మైకులో నేను పంపిన పొట్లాలు అన్న గొంతు అది. పిల్లలందరూ నడక ఆపి ఆమె వైపు చూశారు. నరేంద్రబాబు ఫోను దించలేదు. “నేను పంపలేదమ్మా. ఏ మందూ పంపలేదు. వింటా ఉండావా?”

ఆస్పత్రి వార్డులో ఎవరో దగ్గుతున్నారు. తర్వాత ఎలిశబెతు చాలా చిన్న గొంతుతో అడిగింది.

“మీ పేరు చెప్తే ఇప్పుడే నీళ్ళు పట్టి మింగించినా గదమ్మా. మరి ఇది ఎవరిది?”